పసుపు అంచు

ఇంతకుముందు ఈ బల్లమీద
ఐదు కీబోర్డులుండేవి, ఐదు మౌసులు.
కింద తీగలు
సగం అల్లి వదిలేసిన జడలా.
మాసిలామణి గారు తల తిప్పకుండానే చెప్పేవారు
ఏది ఎక్కడిదో:
ఎంటర్ అరిగి నున్నగా అయింది పూండిది,
టీ ఒలికి అంటుకుపోయేది కీల్పాక్‌ది,
గట్టిగా బాదితే గానీ వినని చెవిటిది పుళల్‌ది.

ఇప్పుడు ఒకటే కీబోర్డు.
ఒకటే మౌసు.
కంప్యూటర్లన్నీ వేరే గదిలో
తాళం వెనక, చలిలో.
ఇక్కడ వాటి ముఖాలు మాత్రమే.
బాణం గుర్తు ఒక తెర చివరిదాకా వెళ్లి
గోడ దూకిన పిల్లిలా పక్క తెరలోకి దిగుతుంది.
దిగిన చోట చుట్టూ
సన్నని పసుపు అంచు వెలుగుతుంది.
"అంచు ఎక్కడుంటే మీ చేయి అక్కడున్నట్టు మేడమ్"
అమర్చిన కుర్రాడు చెప్పి
సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.

పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని.
ఇంట్లో తెలుగు, గుమ్మం దిగితే అరవం,
ఆఫీసు రిజిస్టర్లో ఇంగ్లీషు.
మారడానికి ఏ మీటా నొక్కిన గుర్తు లేదు.
ఎప్పుడైనా కూరల బండి దగ్గర
అమ్మతో అనాల్సిన మాట జారేది.
బండివాడు నవ్వి
కొత్తిమీర నాలుగు రెబ్బలు ఎక్కువ వేసేవాడు.
తప్పు చోట పడ్డ మాటకి
ఇంతే కదా శిక్ష అనుకున్నాను.

కార్తీకం వెళ్లిన వారం.
వాన ఆగిన రాత్రి, మూడూ పది.
నాలుగో తెర ఎర్రబడింది.
కీల్పాక్‌లో పంపు వేడెక్కి
ఆపమంటోంది.
కళ్లు అక్కడే ఉన్నాయి.
చేయి కూడా అక్కడే ఉందనుకున్నాను.
ఎఫ్ ఏడు.
నిజంగానా అని ఎప్పుడూ అడుగుతుంది కదా,
అడిగే ఉంటుందని
చూడకుండానే ఎంటర్.

ఎరుపు ఆరలేదు.
మళ్లీ కొట్టాను.
అప్పుడు చూశాను, రెండో తెర చుట్టూ పసుపు అంచు,
పెళ్లింట్లో ఓ మూల కూర్చున్న పెద్దావిడ చీరకున్నట్టు,
ఎవరూ తనవైపు చూడకపోయినా
మెరుస్తూనే ఉంది.
రెండో తెరలో వ్యాసర్పాడి.
ఏ జబ్బూ లేని పంపు
చెప్పిన మాట విని
మారు మాట్లాడకుండా ఆగిపోయింది.

వేడెక్కినదాన్ని ఆపడానికి ఒక నిమిషం.
ఆగినదాన్ని లేపడానికి పది.
పడుకున్న పంపు పిలవగానే లేవదు,
లోపలి గాలంతా వెళ్లాలి,
ముల్లు వణికి వణికి నిలబడాలి.
వీధి కొళాయిలు నాలుగున్నరకు గానీ విప్పరు.
ఎవరి బిందే ఖాళీగా వెనక్కి పోలేదని
లెక్కలు చెబుతున్నాయి.
తెల్లారి మంగతాయారు పిన్ని ఫోన్ చేసింది,
మా వీధిలో నీళ్లు సన్నగా వచ్చాయే అని.
వానకాలం కదా పిన్నీ, అన్నాను.
అంచు చూసుకోకుండా
నోటితో కూడా ఎంటర్ కొట్టేసినట్టున్నాను.

రిజిస్టర్లో మాత్రం ఉన్నదే రాశాను.
మూడూ పది నుంచి మూడూ ఇరవై ఒకటి.
కారణం: ఆపరేటర్.
కింద నా పేరు, వకుళ, పూర్తిగా.
పొద్దుటి డ్యూటీకి వచ్చిన మాసిలామణి గారు
రెండుసార్లు చదివారు.
కళ్లద్దాలు తుడుచుకుంటూ
"మా రోజుల్లో తప్పు చేయాలన్నా
కుర్చీ జరుపుకుని వెళ్లాల్సి వచ్చేదమ్మా" అన్నారు.
తిట్టో ఓదార్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మా నాన్న రైలింజన్లో అసిస్టెంటు.
దూరాన సిగ్నల్ కనబడగానే
రంగు పైకి చెప్పేవాడు.
పక్కనున్న డ్రైవరు అదే మాట తిరిగి చెప్పేవాడు.
ఇద్దరికీ కళ్లున్నాయి కదా నాన్నా, ఎందుకూ అంటే
కళ్లున్నాయి కాబట్టే, అనేవాడు.

ఇప్పుడు రాత్రిళ్లు
ఏదైనా ఆపే ముందు
వేలు ఎంటర్ పైన గాలిలో ఉంచి
అంచు ఎక్కడుందో వెతికి
ఆ ఊరి పేరు పైకి అంటాను.
"కీల్పాక్."

గదిలో తిరిగి చెప్పేవాళ్లెవరూ లేరు.
కాసేపు ఆగి
నేనే అంటాను.